రెండు గీతల కుట్ర

హత్య జరిగిన సమయానికి హతుడు గడ్డి నములుతున్నాడు.

హంతకులు ముసుగులు వేసుకోలేదు. పట్టపగలు, ప్రభుత్వ జీపులో, గుర్తింపు కార్డులు మెడలో వేలాడేసుకుని వచ్చారు. ఒకడు ఆర్డరు చదివాడు. ఒకడు సంతకం పెట్టాడు. ఒకడు ఫొటో తీశాడు. సూది మాత్రం ఆ పశుక్షేత్రంలో పనిచేసే డాక్టరమ్మ చేత వేయించారు. హతుడు ఆవిడ చేతుల మీద పుట్టినవాడు. సూది చూసి కూడా బెదరకుండా, గోకడానికి వచ్చిందనుకుని మెడ చాపాడు.

హతుడి పేరు ఛైర్మన్. ఆబోతు. దేశంలో పాలిచ్చే ఆవుల్లో సగానికి తండ్రో తాతో అవుతాడు. బోర్డు మీటింగులో కూర్చున్నవాడిలా కళ్ళు సగం మూసుకుని రోజంతా నెమరేస్తాడు కాబట్టి ఆ పేరు పెట్టారు. అతను చేసిన నేరం ఒక్కటే. నోట్లోంచి తీసిన చొంగని కొత్త కిట్‌లో పరీక్షిస్తే స్ట్రిప్పు మీద రెండు గీతలు వచ్చాయి. ఒక గీతంటే ఆరోగ్యం, రెండంటే గాలికుంటు రోగం. మనుషుల ఇళ్ళల్లో రెండు గీతలు కనపడితే శుభవార్త. కొట్టంలో కనపడితే చావు కబురు.

తర్వాత పాత లాబొరేటరీ నుంచి రిపోర్టు వచ్చింది. ఛైర్మన్ ఒంట్లో ఏ వైరస్సూ లేదు. చచ్చినవాడు నిర్దోషి అని తేలింది. ఆ సంగతి చచ్చినవాడికి తెలియజేసే ఏర్పాటు మాత్రం రూల్సులో లేదు.

*

గూఢచారి శాఖ హెడ్ క్వార్టర్స్ ఒక జిరాక్స్ షాపు పైన ఉంది. మెట్ల దగ్గర కాపలావాడు "ఇవాళ ఉక్కగా ఉంది కదండీ" అంటాడు. "వానొస్తే తగ్గుతుంది లెండి" అనాలి. అదీ కోడ్. ఒకసారి నిజంగానే ఉక్కపోసి నీడకోసం నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన యథాలాపంగా ఆ మాటే అనడంతో, ఆయన్ని పైకి తీసుకెళ్ళి రక్షణ రహస్యాలు సగం చెప్పేశారు. ఆయన మంచివాడు కాబట్టి మిగతా సగం వినకుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజు మెట్లెక్కిన ఏజెంటుని శాఖలో గుమాస్తా అంటారు. ఎదురుగా కూర్చుని మాట్లాడినవాడు కూడా గది దాటేసరికి అతని మొహం మర్చిపోతాడు. పరాయి దేశాల ఏజెంట్లు ఇలాంటి మొహం కోసం లక్షలు పోసి ఆపరేషన్లు చేయించుకుంటారు. గుమాస్తాకి తండ్రి వైపు నుంచి ఉచితంగా వచ్చింది. తూనికలు కొలతల ఆఫీసులో పనిచేస్తాడని ఇంట్లో చెప్పుకున్నాడు. ఇన్నేళ్ళయినా ప్రమోషన్ రాలేదని బంధువులంతా అతన్ని చూసి జాలిపడతారు. ఆ జాలి బులెట్ ప్రూఫ్ కోటు కన్నా గట్టిది.

శాఖాధిపతిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన గదిలో సోఫాకి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. కూర్చుంటే కరకరమంటుంది. రహస్య సంభాషణలు బయటికి వినపడకుండా శాఖ చేసుకున్న సౌండ్ ప్రూఫింగ్ అదొక్కటే. ఏసీ రిమోట్ బీరువాలో ఉంటుంది, తాళం ఇంటి దగ్గర ఉంటుంది.

"చచ్చిందెవరో తెలుసా?" అన్నాడు పెద్దాయన.

"ఛైర్మన్. సూది వేసింది మా అక్క."

పెద్దాయనకి తెలుసు. అక్క ఆ రోజు నుంచి ఎవరి ఫోనూ ఎత్తడం లేదన్న సంగతి కూడా తెలుసు. ఆయన కాసేపు కరకరలాడి, ఇది సొంత కోపమైతే వేరే ఏజెంటుని పంపిస్తానన్నాడు.

"సొంత కోపమే సార్. అందుకే టీఏ అడగను."

కేసు ఆ క్షణమే గుమాస్తాకి వచ్చింది.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. సరిహద్దులకి అవతల మిత్రమండలి అని ఒక ముఠా ఉంది. ఎవరైనా తమకి తాము మిత్రులమని పేరు పెట్టుకున్నారంటే పర్సు తడిమి చూసుకోవాలి. ఈ మిత్రులు ఒక కంపెనీ పేరు మీద మన దేశానికి రోగం పట్టే కిట్లు అమ్ముతారు, ఇంకో కంపెనీ పేరు మీద పాలపొడి అమ్ముతారు. ఛైర్మన్‌కి పరీక్ష జరగకముందే వాళ్ళ పాలపొడి ఓడలు బయల్దేరాయి. రేపు మధ్యాహ్నం పశుక్షేత్రంలో ఉన్న నాలుగు వేల ఆవులకీ సూదులు వేయాలని ప్రభుత్వ కమిటీ తీర్మానించింది, ఎందుకంటే అన్నిటికీ రెండు గీతలే వచ్చాయి. పాత లాబొరేటరీ రిపోర్టుని కమిటీ చూడనైనా లేదు. ఆ లాబొరేటరీ పైకప్పు కారుతుంది. కప్పు కారే చోట సైన్సు కూడా కారిపోతుందని కమిటీ అభిప్రాయం. కొత్త కిట్ జీన్ ఎడిటింగ్ టెక్నాలజీ, పైగా ఫారిన్ ప్యాకింగ్, తప్పు చూపించే ప్రసక్తే లేదట.

గుమాస్తాకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఇప్పుడు దాదాపు వినపడనంతగా తగ్గింది. ఆ కిట్ ఎలా పనిచేస్తుందని అడిగాడు.

చెప్పడానికి పక్క గదిలోంచి మిస్త్రీ వచ్చాడు. మిస్త్రీ అంటే శాఖకి గాడ్జెట్లు తయారుచేసేవాడు. పోయినసారి ఇచ్చిన కెమెరా పెన్ను ఫొటోలు బాగా తీసింది గాని, సంతకం పెట్టమంటే రాయలేదు. దాంతో గుమాస్తా దొరికిపోయి ఓ రాత్రంతా తన్నులు తిన్నాడు.

"జీన్లని కత్తిరించే కత్తెర ఒకటుంది, క్రిస్పర్ అంటారు," అన్నాడు మిస్త్రీ. "దానికి కళ్ళుండవు. గైడ్ అని చిన్న పోగు దాని వేలు పట్టుకుని నడిపిస్తుంది. ఆ గైడ్‌కి వైరస్ జీన్ దొరికిందా, కత్తెరకి పిచ్చెక్కుతుంది. చుట్టుపక్కల ఉన్నవన్నీ కత్తిరించి పారేస్తుంది. ఆ ముక్కలే రెండో గీతగా కనపడతాయి."

"పోలీసు కుక్కకి దొంగ రుమాలు వాసన చూపించినట్టు."

"అంతే. కుక్క మంచిదే. దానికెవరి రుమాలు చూపించారో కనుక్కో."

వెళ్ళేటప్పుడు మిస్త్రీ ఒక స్టీలు ఫ్లాస్కు ఇచ్చాడు. పరీక్ష ట్యూబు అందులో పెడితే కావలసినంత వేడిలో ఉంచుతుంది. అవసరమైతే టీ కూడా పోసుకోవచ్చు గాని, రెండూ ఒకేసారి వద్దన్నాడు.

*

కిట్ల కంపెనీ భవనానికి అయిదు తలుపులు, అయిదింటికీ వేలిముద్రల తాళాలు. గుమాస్తా ఒక్కదాన్నీ పగలగొట్టలేదు. వాటర్ ప్యూరిఫయర్ బాగుచేసే మెకానిక్ వేషంలో గేటు దగ్గర నిలబడ్డాడు. ప్రపంచంలో ఏ ఆఫీసుకి వెళ్ళినా ప్యూరిఫయర్ పాడయ్యే ఉంటుంది, కంప్లెయింట్ ఇచ్చి నెలలు దాటే ఉంటుంది. సెక్యూరిటీవాడు ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని కడిగేశాడు. ఆ కోపంలోనే అయిదు తలుపులూ స్వయంగా తెరిచి లోపల వదిలిపెట్టి వెళ్ళాడు.

గైడ్లు దాచే ఫ్రీజర్ ల్యాబ్ చివర ఉంది. గుమాస్తా దాని హ్యాండిల్ మీద చెయ్యి వేసేసరికి వెనక నుంచి సెంటు వాసన వచ్చింది. వాసన వచ్చిన కాసేపటికి మనిషి వచ్చింది.

ఆమెని శాఖలో అందరూ వదిన అంటారు. ఎవరికి వదినో ఎవరికీ తెలియదు. నల్ల కళ్ళద్దాలు, ఎత్తు మడమల చెప్పులు, చూస్తే పాపం చేయబుద్ధేసే చిరుకోపం. శాఖ దగ్గరా జీతం తీసుకుంటుంది, మిత్రమండలి దగ్గరా తీసుకుంటుంది. గూఢచారి లోకంలో రెండు ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలున్న మనిషి ఆమె ఒక్కతే.

"ఏం బాబూ, ఫిల్టర్ మారుద్దామనా, గైడ్ మారుద్దామనా?"

"మార్చేది మీరే కదా వదినా. ఏం మార్చారో చూసిపోదామని."

వదిన ఫ్రీజర్‌కి ఆనుకుని, గోళ్ళ రంగు చూసుకుంటూ, ఏమీ దాచకుండా చెప్పింది. మొదటి విడత కిట్లు నిఖార్సయినవి. కంపెనీకి పేరు రావడానికి అవి పనికొచ్చాయి. ఆ తర్వాత గైడ్‌ని మార్చేశారు. ఇప్పుడున్న గైడ్‌కి వైరస్‌తో పని లేదు. ఆవు ఒంట్లో మామూలుగా ఉండే జీన్‌నే అది పట్టుకుంటుంది.

"అంటే రోగం అక్కర్లేదు. ఆవైతే చాలు."

"ఆవైతే చాలు. ఆవుగా పుట్టడమే నేరం."

ఫ్రీజర్ హ్యాండిల్ ఊడి గుమాస్తా చేతిలోకి వచ్చింది. దాన్ని మర్యాదగా బల్ల మీద పెట్టి, ఇదంతా తనకెందుకు చెప్పినట్టని అడిగాడు.

"పొద్దున డ్యూటీ మీ వైపు," అంటూ వదిన వాచీ చూసుకుంది. "ఇక అయిపోయింది."

అని గోడమీది అలారం నొక్కింది.

తలుపులోంచి దూరిన కండలవాడికి మెడ లేదు. తల నేరుగా భుజాల మీద పెట్టినట్టున్నాడు. గుమాస్తా ప్యూరిఫయర్ పైపు లాగేశాడు. నేలంతా నీళ్ళయ్యాయి. కండలవాడు జారాడు, గుమాస్తా ఫ్లాస్కుతో వాడి నెత్తిమీద ఒక్కటిచ్చాడు. ఫ్లాస్కు లోపలి గాజు పగిలింది, తల పగల్లేదు. కానీ తలలో ఉన్న కాస్త ఆలోచనా ఆగిపోయి, వాడు ఆ నీళ్ళలోనే కూర్చుండిపోయాడు. అలారం మోగుతుండగానే గుమాస్తా గేటు దాకా వచ్చాడు. సెక్యూరిటీవాడు అతన్ని ఆపి, బాగుచేశావా లేదా అని నిలదీశాడు. మోటారు మార్చాలి, పార్టు తెస్తానన్నాడు గుమాస్తా. ఈ మాట ప్రతి మెకానిక్ దగ్గరా విన్నదే కాబట్టి వాడు నమ్మి వదిలేశాడు.

గుమాస్తా దారిలోంచే పెద్దాయనకి ఫోన్ చేశాడు. పెద్దాయన మంత్రిత్వ శాఖకి చేశాడు. ఆధారం చూపించమన్నారు. వదిన మాట సాక్ష్యం కాదు, ఎందుకంటే ఆమె రెండో జీతం ఇచ్చేవాళ్ళ దగ్గర ఇంకో మాట చెబుతుంది. గైడ్ మార్చారో లేదో తేల్చే పరీక్షకి కిట్‌ని విదేశానికి పంపాలి. ఆ ఫలితం వచ్చేనాటికి పశుక్షేత్రంలో గడ్డి తినేవాళ్ళెవరూ మిగలరు.

*

పశుక్షేత్రంలో ఆవులు వరసలు కట్టి నిలబడి ఉన్నాయి. ఎదురుగా టెంటు. టెంటులో మెత్తటి కుర్చీలు, ఫ్యాన్లు, కమిటీ. నాలుగు వేల ప్రాణాలు తీయడం ఎంత శ్రమో వాళ్ళ మొహాల్లో తెలుస్తోంది. ఫ్యాను గాలి చాలడం లేదని విసుక్కుంటున్నారు.

కమిటీకి పెద్దగా కూర్చున్నది మంత్రిత్వ శాఖ సెక్రటరీ. ఆయన పక్కన మిత్రమండలి మనిషి. శాఖ రికార్డుల్లో వాడి మారుపేరు చిరునవ్వు. అసలైన గోముఖవ్యాఘ్రం. వాడి వెనక వదిన, ఈ రోజు కంపెనీ తరఫు నిపుణురాలి హోదాలో. సభ్యులందరికీ చిరునవ్వు తలా ఒక సంచీ పంచాడు, దేశానికి పాల కొరత రాబోతోంది కదా అని పాలపొడి శాంపిల్ ప్యాకెట్లు. ఊరికే ఇచ్చేది వద్దనే అలవాటు కమిటీలో ఎవరికీ లేదు. ఒక సభ్యుడు బావమరిది పేరు చెప్పి ఇంకోటి తీసుకున్నాడు. సెక్రటరీ గారి డ్రైవరు కారు డిక్కీ దాకా రెండు విడతలుగా మోశాడు.

అక్క గంబూట్లతో మొదటి ఆవు పక్కన నిలబడి ఉంది. చేతిలో నింపిన సిరంజి.

"నువ్వెందుకొచ్చావురా?" అంది తమ్ముణ్ణి చూసి. "సెలవు పెట్టావా?"

"పెట్టానక్కా."

"మంచిది. చూసిపో. మీ అక్క ఎంత చదివిందో, ఆ చదువుతో ఏం చేస్తోందో."

గొంతు పగిలిన కుండలా ఉంది. మళ్ళీ పరీక్ష చేయమని కాళ్ళా వేళ్ళా పడ్డానని, పొద్దున పుట్టిన దూడకి చేస్తే దానికీ రెండు గీతలు వచ్చాయని, ఇంకా పాలు కూడా తాగని దూడకి రోగమేమిటంటే, ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని సెక్రటరీ నవ్వాడని చెప్పింది. తను వేయకపోతే వేరే డాక్టర్ని తెప్పిస్తారట. వాడికి ఆవుల్ని పట్టుకోవడం రాదు, హింసపెట్టి చంపుతాడు. అందుకని సిరంజి తనే పట్టుకుంది.

గుమాస్తా గైడ్ సంగతి చెప్పాడు. అక్క అతని మొహంలోకి చూసింది.

"నీకెవరు చెప్పారు?"

"ఆఫీసులో అనుకుంటుంటే విన్నా."

"తూనికలు కొలతల ఆఫీసులో క్రిస్పర్ గురించి అనుకుంటారా?"

అనుకుంటారన్నాడు గుమాస్తా. అక్క ఇంక అడగలేదు. ఆవు ఉంటే చాలు, వైరస్ అక్కర్లేదు, ఆవు ఉంటే చాలు అని రెండుసార్లు తనలో తనే అనుకుంది. తర్వాత ఆమె చూపు టెంటులోకి వెళ్ళింది. కుర్చీల కింద పదిలంగా పెట్టుకున్న సంచుల మీద ఆగింది.

పశుక్షేత్రం గేటు దాటి లోపలికొచ్చిన పాల సరుకు ఏదైనా సరే డాక్టరు పరీక్షించవచ్చు. రెండు గీతలొస్తే ఆ సరుకునీ, అది ఎక్కడినుంచి వచ్చిందో అక్కడి నిల్వనంతటినీ సీలు వేయాలి. ఇక్కడి పాలవాళ్ళ నోట మట్టికొట్టడానికి చిరునవ్వే దగ్గరుండి రాయించిన రూలది. అక్క టెంటులోకి వెళ్ళి ఆ రూలు చదివి వినిపించి, ఒక్క చెంచా పొడి అడిగింది.

దేశ రక్షణకి ప్రాణమివ్వమంటే ఇచ్చే మహానుభావులుంటారేమో గాని, ఆ టెంటులో ప్యాకెట్ ఇచ్చేవాడు కనపడలేదు. నాది వద్దు, పక్కాయనది తీసుకోండన్నాడు ఒకడు. సీలు విప్పితే మెత్తబడిపోతుందన్నాడు ఇంకొకడు. బావమరిది పేరు చెప్పినవాడు సంచీని కాళ్ళ మధ్యకి లాక్కున్నాడు. అక్క ఎవరితోనూ వాదించలేదు. ఆ కాళ్ళ మధ్య నుంచే ప్యాకెట్ లాగి, సిరంజి సూదితో చింపింది.

పొడిని నీళ్ళలో కలిపి ట్యూబులో పోసేసరికి, ట్యూబుని వేడిచేసే పెట్టె ఆగిపోయింది. చిరునవ్వు కాలు కరెంటు తీగ మీద ఉంది. ఎలా తగిలిందో తనకే అర్థం కావడం లేదని నొచ్చుకున్నాడు.

"చంకలో పెట్టుకోరా," అంది అక్క. "ఒంటి వేడి చాలు. జ్వరమేమన్నా ఉందా?"

"కోపం ఉంది."

"ఇంకా మంచిది."

సెక్రటరీకి ఓపిక అయిపోయింది. పొడి పరీక్ష దారి పొడిది, సూదుల దారి సూదులది, మొదలుపెట్టమన్నాడు. అక్క మొదటి ఆవు దగ్గరికి వెళ్ళింది. చెవి బిళ్ళ తుడిచింది. మళ్ళీ తుడిచింది. గిట్టలు చూసింది. మెడమీద వెంట్రుకలు కత్తిరించింది. చచ్చేవాళ్ళకి శుభ్రత ఎందుకమ్మా అన్నాడు సెక్రటరీ. గుమాస్తా చెయ్యి ఒంటికి బిగించి, ఉద్యోగం ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా కదలకుండా నిలబడ్డాడు. ఛైర్మన్ మెడ చాపిన సంగతి తలుచుకున్నాడు. చంకలో వేడి పెరిగింది.

ఇంక తుడవడానికి ఏమీ లేదు. సూది ఆవు మెడకి ఆనింది. గుమాస్తా ట్యూబు తీసి స్ట్రిప్పు ముంచాడు.

ఒక గీత వచ్చింది.

అక్క బొటనవేలు సిరంజి వెనక బిగుసుకుంది. సెక్రటరీ కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. స్ట్రిప్పు మీద ఏదో మరకలా ఒకటి, ముందు అనుమానంలా, తర్వాత అబద్ధంలా, చివరికి కచ్చితంగా తేలింది.

"రెండు గీతలు," అన్నాడు గుమాస్తా.

సెక్రటరీ స్ట్రిప్పుని ఎటు తిప్పినా రెండే కనపడ్డాయి. కిట్ తప్పు చూపించే అవకాశం ఉందా అని నిపుణురాలిని అడిగాడు. వదిన నల్ల కళ్ళద్దాలు తీసింది.

"మా కిట్ తప్పు చూపించదు సార్. బ్రోషర్ మీదే వేశాం."

అయితే రూలు ప్రకారం పొడి నిల్వలు, వచ్చే ఓడలు సీలు వేయమని రాయక తప్పదన్నాడు సెక్రటరీ. పెన్ను తీశాడు. అంతవరకూ నిద్రలో కూడా చెదరని చిరునవ్వు అప్పుడు చెదిరింది.

"ఆగండి సార్. పొడిలో రోగం లేదు. పాలపొడి కదా, ఆవు డీఎన్ఏ ఉంటుంది. కిట్ దాన్ని పట్టుకుంది, అంతే."

అక్క సూది ఆవు మెడ మీద నుంచి తీసి, నెమ్మదిగా టెంటు వైపు నడిచింది.

"ఇది వైరస్‌ని పట్టే కిట్ కదండీ. ఆవుని పడుతుందని మీకెవరు చెప్పారు?"

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నవాణ్ణి కమిటీ మొదటిసారి కళ్ళారా చూసింది. చిరునవ్వు బ్రోషర్ల కట్టలోంచి పిస్తోలు తీశాడు. గుమాస్తా చేతిలోని ట్యూబు పక్కన పెట్టి, వాడి మణికట్టు విరిచి, పిస్తోలు తీసుకున్నాడు. ఈ మూడు పనుల్లోనూ అతను తొందరపడలేదు. మణికట్టు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాడు. వాడు తప్పించుకుని ఆవుల మధ్యలోంచి పరిగెత్తాడు. ఆవులు తరమలేదు, పొడవలేదు. కేవలం దారివ్వలేదు. అక్క వెళ్ళి సిరంజి వాడి మెడ దగ్గర పెట్టింది. గుమాస్తా ఆ చేతిని పట్టుకుని పక్కకి తప్పించాడు. తప్పించడానికి అతనికీ మనసొప్పలేదు.

వాణ్ణి జీపు ఎక్కించాక, ఇప్పుడు డ్యూటీ ఎవరి వైపని గుమాస్తా వదినని అడిగాడు. సెలవులో ఉన్నానంటూ ఆమె వెళ్ళిపోయింది. సీజ్ చేద్దామని చూస్తే కుర్చీల కింద ఒక్క పాలపొడి సంచీ లేదు. సాక్ష్యాలన్నీ కార్ల డిక్కీల్లో ఇళ్ళకి బయల్దేరాయి.

అక్క ఖాళీగా ఉన్న ఛైర్మన్ కొట్టం గుమ్మంలో కూర్చుంది.

"వాడు మెడ చాపాడురా. నన్ను చూసి."

గుమాస్తా పక్కన కూర్చున్నాడు.

ఛైర్మన్ చావుకి సంతకం పెట్టినవాళ్ళకి ఏమీ కాలేదు. నాలుగు వేల ఆవుల్ని కాపాడినందుకు సెక్రటరీకి ప్రశంసాపత్రం వచ్చింది. అక్కకి నోటీసు వచ్చింది. నాలుగు వేల ఆవులకి సరిపడా కొన్న మందుని ఎందుకు వాడకుండా మిగిల్చారో సంజాయిషీ ఇవ్వాలట.

అక్క ఆ పూటే జవాబు రాసింది: "మందు భద్రంగా ఉంది. కమిటీవారు మళ్ళీ ఎప్పుడు దయచేసినా వాడటానికి సిద్ధంగా ఉన్నాను."